కోకో దేశమున క్రొత్త శాసనము

పిల్లవాని పుట్టినదినమున గాని, పరీక్షలో నెగ్గిన దినమున గాని చాక్లెట్టు లేనిదే వేడుక కాదనుకొను కాలము వచ్చినది. ఆ నల్లని తీపి వస్తువునకు మూలమైన గింజ యే దేశమున పండునో, దానిని పోగుచేయు చేతులెవరివో, ఆ చేతులకు నేడు కలిగిన చిక్కేమో తెలిసికొనుట మనకు తగిన పని. అందుచే ఈ నెల మిమ్ములను ఆఫ్రికాఖండపు పడమటి తీరమునకు గొనిపోదలచితిని. పటము నొకదానిని ముందుంచుకొని నా వెంట రండు. అంతకుమించిన ప్రయాణసన్నాహ మక్కరలేదు.

గినియా సింధుశాఖ యొడ్డున, ఘనా దేశమునకు పడమటను, లైబీరియాకు తూర్పునను ఐవరీ కోస్టు అను దేశము కలదు. పూర్వము ఐరోపా వర్తకులు ఏనుగుదంతములకై యా తీరమునకు వచ్చుచుండిరి గావున దానికి ఆ పేరు కలిగినది. 1960 వరకు ఆ దేశము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఇప్పుడచ్చట ఏనుగులు మిక్కిలి యరుదు. దంతముల స్థానమును కోకో గింజ యాక్రమించినది. లోకమున పండు కోకోలో నూటికి ఇంచుమించు నలుబదివంతులు ఈ యొక్క దేశమునందే పండుచున్నది. ప్రక్కనున్న ఘనాను గూడ కలిపినచో లెక్క సగమునకు మించును. అయినను కోకో ఆఫ్రికా చెట్టు కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులు. ఘనాలో దీనిని వ్యాపింపజేసినవాడు టెట్టే క్వార్షీ యను కమ్మరి. ఫెర్నాండో పో ద్వీపమునుండి గింజలు దెచ్చి 1879 ప్రాంతమున నాటెనని ఆ దేశీయులు నేటికిని కృతజ్ఞతతో చెప్పుకొందురు.

అబిజాన్ మహానగరమునుండి పడమటి దిక్కుగా పోవు బాటను పట్టుదము. ఎఱ్ఱమన్ను, ఇరుప్రక్కల అరటితోటలు, నడుమ నడుమ రబ్బరు చెట్ల వరుసలు. బాటప్రక్కన స్త్రీలు అత్తియేకే యను నాహారమును పొట్లములు గట్టి యమ్ముచుందురు. కఱ్ఱపెండలమును తురిమి, పులియబెట్టి, పిండి, ఆవిరిమీద నుడికించిన రవ్వ యది. చూచుటకు మన ఉప్పుడురవ్వ వలె నుండును. దానిని వండు విద్యను 2024లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. తల్లి కూతునకు నేర్పు వంట లోకమున కింతటి గౌరవమునకు పాత్రమగుట మనకును సంతోషకరమే గదా!

ఇంకను పోగా యమౌసుక్రో పట్టణము వచ్చును. స్వతంత్ర ఐవరీ కోస్టుకు మొదటి అధ్యక్షుడైన ఉఫువే బ్వాన్యీ యచ్చటివాడు. వృత్తిచే వైద్యుడు, స్వయముగా కోకోతోటలు గలవాడు. ఫ్రెంచి వలసలలో వెట్టిచాకిరిని తొలగించిన 1946 నాటి చట్టము అతని పేరనే ప్రసిద్ధము. అధికారమునకు వచ్చిన పిమ్మట, దున్నువానిదే నేల యను పద్ధతిని ప్రోత్సహించెను. ఆ పిలుపు విని దేశమధ్యమునుండి బావులే జాతివారును, ఉత్తరమున బుర్కీనా ఫాసో, మాలీ దేశములనుండి వేలకొలది కుటుంబములును నైరృతిదిశనున్న మహారణ్యములలో ప్రవేశించి, చెట్లు గొట్టి, కాల్చి, కోకో నాటిరి. 1970 తరువాతి దశకము ముగియునప్పటికి ఐవరీ కోస్టు ఘనాను మించి కోకోపంటలో లోకమునకు మొదటిదయ్యెను.

ఆ వృద్ధికి అడవి వెల యిచ్చినది. 1960 నాటికి ఆ దేశమున సుమారు 1 కోటి 20 లక్షల హెక్టార్ల అడవి యుండెను. హెక్టారనగా ఇంచుమించు రెండున్నర ఎకరములు. 2021లో వెలువడిన అరణ్యగణనలో మిగిలినది సుమారు 30 లక్షల హెక్టార్లు మాత్రమే. పడమట తాయీ యను జాతీయవనము మాత్రము గొప్ప తునుకగా నిలిచియున్నది. 1982 నుండి యది ప్రపంచ వారసత్వస్థలము. పొట్టి నీటియేనుగులును, రాళ్లతో కాయలు పగులగొట్టుకొని తిను చింపాంజీలును అచ్చట నున్నవి. వనపు సరిహద్దు దాటిన వెంటనే కోకోతోటలు మొదలగును.

ఇక సుబ్రే పట్టణ ప్రాంతమునకు వత్తము. ఇది కోకో సీమకు నడిబొడ్డు. అక్టోబరు మొదలు పెద్దకోత. కాయలు లేతరెమ్మలకు గాక మ్రానికిని పెద్దకొమ్మలకును అంటుకొని కాయుట యీ చెట్టు విశేషము. పండిన కాయ పసుపుగా గాని నారింజవన్నెగా గాని యుండును. మచ్చుకత్తితో మ్రానికి గాయము కాకుండ కాయను కోసి, కఱ్ఱతో గొట్టి పగులదీయుదురు. లోపల తెల్లని తీయని గుజ్జులో ముప్పది నలుబది గింజలుండును. వానిని అరటియాకులపై కుప్పబోసి, ఆకులతోనే కప్పి, ఐదారు దినములు పులియనిత్తురు. చాక్లెట్టు రుచికి బీజము పడునది యిప్పుడే. తరువాత బొంగుతడకలపై పరచి, మన యిండ్లలో వడియములను ద్రిప్పినట్లు ద్రిప్పుచు వారమునకు దగ్గరగా ఎండబెట్టుదురు. కిలో యెండుగింజకు ఇరువదికి పైగా కాయలు కావలెను. కాయలు మోయుట, గింజలు దీయుట, ఎండబెట్టుట, పనివారికి వండుట, లేత కోకోమొక్కల నడుమ అరటియు పెండలమును వేసి కుటుంబమును పోషించుట — ఇవి యెక్కువగా స్త్రీల పనులు.

ఇట్టి సీమపైకి సముద్రమున కావలినుండి యొక శాసనము వచ్చినది. దాని సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను.

1990కిని 2020కిని నడుమ లోకమున 42 కోట్ల హెక్టార్ల అడవి నశించినది. ఇది మన భారతదేశపు విస్తీర్ణమును మించినది. ఇందులో తమ భోజనపు బల్లకును పాలు గలదని ఐరోపా సమాఖ్యవారు గ్రహించి, 2023లో ఒక శాసనము గావించిరి. అది ఆ యేడు జూన్ 29న చట్టరూపమున నిలిచెను. పశువులు, కోకో, కాఫీ, పామాయిలు, రబ్బరు, సోయా, కలప — ఈ యేడు సరకులును, వానితో చేసిన వస్తువులును 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరకిన నేలనుండి వచ్చినవైనచో ఐరోపాలో నమ్మరాదు. అడవి నరకలేదని నోటిమాట చాలదు. ప్రతి తోట యెచ్చట నున్నదో ఉపగ్రహముల సాయమున అక్షాంశరేఖాంశములతో చూపవలెను. నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక బిందువు చాలును. మించినదానికి చుట్టుకొలతయంతయు గీయవలెను. ఆ పంట ఆ దేశపు చట్టములకు లోబడి పండినదై యుండవలెను. తప్పిన వర్తకునకు విధింపదగు గరిష్ఠపు జరిమానా, అతని వార్షిక వ్యాపారములో నూటికి నాలుగువంతులకు తక్కువ కారాదని నిర్ణయించిరి.

ఉద్దేశము మంచిది. దీనిని నిందించుట నా తలంపు కాదు. 2023లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఐవరీ కోస్టు రక్షితవనములలో నశించిన యడవిలో నూటికి 37 వంతులకు పైగా కోకోసాగే కారణమని తేలినది. పండించు దేశపు కోకోలో సగమునకు మించి కొనుచున్న ఐరోపావారు తమ బాధ్యత నంగీకరించుట న్యాయమే. అయితే ఉద్దేశ మొకటి, ఫలితము వేరొకటి యగుట మన పురాణములందును చూచుచున్నాము. ఖాండవవనమును దహింపజేసినప్పుడు అగ్నిహోత్రుని యాకలి తీరెను, పాండవులకు మయసభ లభించెను. కాని యా మంటలలో ఇల్లాలిని గోల్పోయిన తక్షకుని విషము మూడవతరమున పరీక్షిత్తును దహించెను. ఒకరు చేసిన పనికి ఫల మనుభవించినది వేరొకరు. అడవిని కాల్చిన కార్యమునందే గాక, అడవిని కాపాడు కార్యమునందును ఇట్టి విపరీతము కలుగవచ్చునని కోకో దేశమును జూచిన తెలియును.

మొదటి చిక్కు గింజ జాడ. సుబ్రే చుట్టుపట్ల చిన్నరైతు తన రెండుబస్తాల గింజలను భుజమున మోసికొని పట్టణమునకు పోడు. పిస్తర్ అనబడు దళారి మోటారుసైకిలుపైనో, చిన్న లారీపైనో బురదబాటల వెంట వచ్చి, తోటయొద్దనే తూచి, రొక్క మిచ్చి పోవును. పిల్లవానికి జ్వరము వచ్చినప్పుడు అప్పిచ్చువాడును అతడే. పది పల్లెల గింజలు అతని యొద్ద నొక్కటే రాశి యగును. 2019లో ఎగుమతియైన సరకును పరిశీలించిన పండితులు, అందులో సగమునకు మించినది ఏ సంఘమునుండి, ఏ తోటనుండి వచ్చెనో కనుగొనజాలకపోయిరి. క్రొత్త శాసనము ప్రకారము జాడ తెలియని బస్తా యొకటి కలసినచో రాశి యంతయు చెల్లదు. బియ్యములో మట్టిబెడ్డలు పడిన ఏరి పారవేయవచ్చును. కోకోరాశిలో ఏ గింజ ఏ తోటదో యెట్లు ఏరగలము? కావున వర్తకుడు చేయు సులువైన పని యేమనగా, పటములును పత్రములును సిద్ధముగా నున్న పెద్ద సహకారసంఘముల యొద్దనే కొని, మారుమూలవారిని విడిచిపెట్టుట. అడవి నరకినవాడు గాని, నరకనివాడు గాని, పత్రము లేనివాడు ఒక్కగాటనే కట్టబడును. శాసనము దోషిని వెదకబోయి, పేదను పట్టుకొనుట కిట్లు దారి యేర్పడుచున్నది.

రెండవ చిక్కు ఖర్చు. తోట తోటకు మనుష్యుని బంపి కొలిపించుట, లెక్కలు వ్రాయుట, బస్తాలను వేఱువేఱు గోదాములలో నుంచుట — ఇవన్నియు సొమ్ముతో పని. ఈ శ్రమకు గాను రైతునకు ఎక్కువ ధర యీయవలెనని శాసనమున నిర్బంధము లేదు. ఐవరీ కోస్టులో రైతుధరను ప్రభుత్వమువారి కాఫీ-కోకో మండలియే నిర్ణయించును. పెక్కు తోటలను కొలిపించినది కొనుగోలు చేయు కంపెనీలే గనుక, ఆ పటములు గూడ వారి యొద్దనే యుండును. తన తోట చిత్రము తనయొద్ద లేని రైతు, వేరొక వర్తకుడు మంచి ధర యిచ్చునన్నను అతని యొద్దకు పోవుట దుర్లభము. ప్రభుత్వము సుమారు పదిలక్షలమంది కోకోరైతులను లెక్కించి, గుర్తింపుకార్డు లిచ్చుటకు పూనుకొన్నది ఈ కట్టును సడలించుటకే యని యెన్నవచ్చును.

మూడవది మన మనస్సున నాటవలసినది. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకువారు 2016లో తెల్పిన దానినిబట్టి ఐవరీ కోస్టు కోకోపనిలో మూడింట రెండుపాళ్లు స్త్రీలదే. ఆదాయములో వారి కందునది యైదవవంతు. నేలపై హక్కు నాలుగవవంతునకు మించదు. ఇట్టిచోట తోటకు కొలతదీసి పేరు వ్రాయుమన్నచో ఎవరి పేరు వ్రాయుదురు? నేలగలవానిది. మగని తోటలో ఒక మూలను తన కష్టముతో పెంచి, ఆ నాలుగుచెట్ల గింజలు దళారికి వేఱుగా నమ్ముకొని పిల్లల బడిజీతము గట్టుచుండిన యిల్లాలికి పటములో బిందువు లేదు, కార్డులో పేరు లేదు. వితంతువైనచో చిక్కు మరింత. ఇదివరకు వాడుకగా సాగుచుండిన చిన్న హక్కు, వ్రాతలో చేరకపోవుటచే లేనిదే యగును. ఎవరును స్త్రీకి కీడు చేయవలెనని సంకల్పింపలేదు. అయినను పత్రము వచ్చినచోట పత్రమున పేరు లేనివారు వెనుకబడుట యే దేశమునందైనను ఒక్కటే.

నాలుగవది వింతయైనది. కోకో సహజముగా నీడలో పెరుగు చెట్టు. పెద్దచెట్లను నిలుపుకొని, వాని నీడలో కోకో పెంచిన తాతలనాటి పద్ధతి నేలకును పక్షులకును మేలు. శాసనము అట్టి తోటను అడవిగా నెన్నదు, సాగుభూమిగానే యెన్నును. కాని ఆకాశమునుండి చూచు ఉపగ్రహమునకు పై యాకులే కనబడును. క్రింద కోకో యున్నదో లేదో తెలియుట కష్టము. 2020 నాటి పటములో అడవివలె కనబడిన నీడతోట, తరువాత నొక ముసలిచెట్టును కొట్టినంతనే అడవి నరకినట్లు అనుమానింపబడవచ్చును. చెట్లన్నియు ఏనాడో కొట్టివేసి మండుటెండలో కోకో పెంచువాని తోట మాత్రము నిష్కళంకముగా కనబడును! చెట్టు నిలిపినవాడు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుట చెట్టు నిలుపుమను శాసనమునకు తగిన ఫలము కాదు.

సుబ్రేనుండి ఉత్తరపశ్చిమముగా దుయేకూయే దిక్కునకు పోవునప్పుడు ప్రభుత్వపు రక్షితారణ్యములని పేరుబడిన ప్రదేశములు కనబడును. పేరు అరణ్యమే గాని, పెక్కింట మొన్నమొన్నటి దాక బడులు, చర్చీలు, మసీదులు, సంతలు గల పల్లెలు వెలసినవి. అచ్చటి అడవి 2020కి ముందే, కొన్నిచోట్ల ఒక తరమునకు ముందే పోయినది. తేదీ ప్రకారము అది దోషము కాదు. కాని నేల రక్షితము గావున స్వదేశపు చట్టము ప్రకారము దోషమే. ఆ గింజ ఐరోపాకు చెల్లదు. 2016లో మోం పెకో జాతీయవనమునుండి వేలకొలది జనులను వెడలగొట్టినప్పుడు వారు ప్రక్కపల్లెలపై బడి తిండికిని నీటికిని పడిన బాధ అక్కడివారు మరువలేదు. 2019 నాటి క్రొత్త అరణ్యచట్టము కొన్ని శిథిలవనములలో చెట్లును కోకోయు కలసి పెరుగుట కంగీకరించినది. ఆ మార్గము ముందుకు సాగినగాని ఆ కుటుంబములకు గతి యుండదు.

ఇంకను పడమటికి పోయిన కవల్లీ నది. దాని కావల లైబీరియా. ఇటీవలి సంవత్సరములలో వేలకొలది వలసరైతులు, అందులో బుర్కీనా ఫాసోవారే యెక్కువమంది, ఆ యేరు దాటి లైబీరియా ఆగ్నేయమున మిగిలియున్న యడవులలో కోకో నాటుచున్నారు. దీనికి క్రొత్త శాసనమే కారణమనుట సరికాదు. ఐవరీ కోస్టున నేల సారము దప్పుటయు, చెట్లకు ఉబ్బుకొమ్మ తెగులు సోకుటయు, 2024లో కోకోధర టన్నుకు 10,000 డాలర్లు దాటుటయు ముఖ్యకారణములు. అయితే ఒక గట్టున కట్టు బిగించి, రెండవగట్టున చూడకున్నచో ప్రవాహము దారి మరలించుకొనుట సహజము. ఘనాలోను ఇట్టిదే యొకటి గలదు. అచ్చట కోకోరైతులు తోటలను బంగారము త్రవ్వువారికి అమ్ముచున్నారు. చెట్లు పోయి బురదగుంటలు మిగులుచున్నవి. శాసనపు ఏడు సరకుల పట్టికలో బంగారము లేదు. కోకోగింజకు సాక్ష్యము కావలెను. అదే నేలను పాడుచేసిన బంగారపు గాజునకు అక్కరలేదు.

ఇక దక్షిణమునకు దిగి సముద్రతీరమున శాన్ పెద్రో రేవు చేరుదము. లోకములోని మిక్కిలి పెద్ద కోకోరేవులలో ఇది యొకటి. లారీలు బారులుదీరి యుండును. గాలిలో పులిసిన గింజల ఘాటు. ఇచ్చటినుండి ఓడలు ఆమ్‌స్టర్‌డామ్ మొదలగు ఐరోపా రేవులకు పోవును, ఆసియాకును పోవును. సాక్ష్యమున్న గింజ ఐరోపాకు, సాక్ష్యము లేనిది అట్టి ప్రశ్నలు వేయని దేశములకు పోవునేమో యని తెలిసినవారు శంకించుచున్నారు. అట్లయినచో ఐరోపావారి చాక్లెట్టు శుద్ధమగును గాని అడవికి మేలేమియు కలుగదు. మడిబట్టను వేఱుగా నారవేసికొనినంతమాత్రమున ఇల్లంతయు శుభ్రమగునా?

శాసనపు అమలు తేదీ మాటిమాటికి మారుట మరియొక కష్టము. మొదట 2024 డిసెంబరు 30 అనిరి. ఒక యేడు వాయిదా వేసిరి. 2025 డిసెంబరులో మరల వాయిదా వేసి, పెద్ద, మధ్యమ వర్తకులకు 2026 డిసెంబరు 30 అనియు, చిన్నవారికి 2027 జూన్ 30 అనియు నిర్ణయించిరి. గడువిచ్చుట పేదరైతునకు దయ వలె కనబడును. కాని మొదటిమాటను నమ్మి, అప్పుచేసి తోటలను కొలిపించి, గోదాములు వేఱుచేసిన సంఘములకు ఆ ఖర్చు తిరిగి వచ్చు దినము దూరమయ్యెను. ముందుగా విధేయులైనవారే నష్టపడినచో, రేపు మరియొక మంచిపనికి ముందు నడుచువా రెవరు?

ఇదంతయు మనకేల యందురా? కాఫీ గూడ ఆ యేడు సరకులలో నొకటి. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు, పాడేరు కొండలపై సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగెల ప్రక్కన, గిరిజన కుటుంబములు పండించు కాఫీకి ఐరోపాయందు మంచి పేరున్నది. పోడు తగ్గించుటకని నాటిన చెట్లవి. నేడు ఆ చిన్నచిన్న తోటలకును అక్షాంశరేఖాంశములు కావలెను. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాలలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన పెరుగు కోకో అడవి నరకి నాటినది కాదు. అయినను ఆ సంగతిని చెప్పుటకు కాగితము కావలసిన కాలము వచ్చినది. సుబ్రే యిల్లాలికి వచ్చిన ప్రశ్న పాడేరు కొండమీది చెల్లెలికిని వచ్చును: తోట పటము గీసినప్పుడు నా పేరు వ్రాసిరా?

నా బుద్ధికి తోచినది చెప్పి ముగింతును. అడవిని కాపాడు శాసనము ఉండవలసినదే. లేకున్నచో తాయీవనపు తునుకయు మిగులదు. కాని సాక్ష్యమును కోరువాడే సాక్ష్యపు ఖర్చును భరించుట న్యాయము. తోట పటము కంపెనీ సొత్తు గాక రైతు సొత్తు కావలెను. కార్డుమీద భర్త పేరి ప్రక్కన భార్య పేరు గూడ నుండవలెను. నీడచెట్టు నిలిపినవానికి అనుమానము గాక అదనపు ధర దొరకవలెను. నది కీవలి యడవికి చేసిన కట్టు ఆవలి యడవికిని జరుగవలెను. ఇవి యసాధ్యములు కావు. వ్రాతబల్లల యొద్ద కూర్చుండువారు ఒకమారు బొంగుతడకల యొద్ద నిలుచుండి గింజలు ద్రిప్పు స్త్రీని అడిగినచో తోచెడివే. అడవిని మిగిల్చిననే లాభమని యా స్త్రీ యింటిలో కనబడిన దినమున, తాయీ యంచున చెట్టుపై గొడ్డలి పడకుండ ఆమెయే అడ్డముండును. ఉపగ్రహము చేయు కాపలా కంటె అది గట్టి కాపలా.